గీత మీద బంటు

ఫ్రేములు కట్టే మేస్త్రీకి ఎవరింటికైనా వెళితే నేరుగా కుర్చీలో కూర్చోవడం చేతకాదు. ముందు గోడ దగ్గరికి వెళతాడు. ఏ పటం ఒరిగి ఉందో చూసి, రెండు వేళ్ళతో దాని కింది మూల పట్టుకుని వెంట్రుకవాసి జరిపి, రెండడుగులు వెనక్కి వేసి, ఒక కన్ను మూసి చూసి, అప్పుడు "ఆఁ, చెప్పండి" అంటూ కూర్చుంటాడు. పలకరింపుకి వెళ్ళినా అంతే, పరామర్శకి వెళ్ళినా అంతే. ఒకసారి పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని పడుకుని, ఎదురు గోడ మీద సముద్రం బొమ్మ ఎడమకి ఒరిగిందని చెప్పబోయి డాక్టరు వేలు కొరికాడు. "ఆయన బుద్ధి వేరు, ఆయన చేతుల బుద్ధి వేరు" అని వాళ్ళావిడ అందరికీ చెబుతుంది. చెప్పే ముందు నవ్వుతుంది. చెప్పాక నవ్వదు.

ఆ చేతుల వల్లే ఆయన కొట్టు నడుస్తోంది, అది వేరే సంగతి. ఫోటో స్టూడియోకీ తాళాల కొట్టుకీ మధ్య ఇరుక్కున్న ఆ కొట్లో రంపపు పొట్టు, బంక, గాజు ముక్కలు తప్ప మనిషి నిలబడే చోటు తక్కువ. చెక్కని ఏటవాలుగా కోసి నాలుగు మూలలూ కలిపితే మధ్యలో గోరు దూరకూడదు. దూరితే విప్పి మళ్ళీ కోస్తాడు. "బానే ఉంది కదయ్యా, ఇచ్చెయ్" అనే గిరాకీలంటే ఆయనకి ఒళ్ళుమంట. బానే ఉండటం వేరు, తిన్నగా ఉండటం వేరు అని ఆయన మతం.

కొట్టు కట్టేశాక లైబ్రరీ మేడ మీదున్న చెస్ క్లబ్బుకి వెళతాడు. నాలుగు పొడుగాటి బల్లలు, గొంతు సవరించుకుంటూ తిరిగే ఒక ఫ్యాను, ఒక గోడ నిండా ఫోటోలు. ప్రతి ఏడూ క్లబ్బు టోర్నమెంటులో గెలిచినవాడి ఫోటో ఒకటి ఆ గోడకెక్కుతుంది. వాటన్నిటికీ ఫ్రేములు కట్టింది మేస్త్రీయే. మేకులు కొట్టిందీ ఆయనే, రోజూ మెట్లెక్కి రాగానే వాటిని వరసగా సర్దేదీ ఆయనే. ఆ గోడ మీద లేనిదల్లా ఆయన ఫోటో ఒక్కటే. రెండో స్థానం మాత్రం ఎన్నిసార్లు వచ్చిందో ఆయనే మరిచిపోయాడు. రెండో స్థానానికి గోడ మీద మేకు ఉండదు.

కొట్లో అటక మీద, పాత దుప్పట్లో చుట్టి, ఒక టేకు ఫ్రేము ఉంది. క్లబ్బు ఫోటోల కొలతే. మొదటిసారి రెండోవాడిగా వచ్చిన ఏడు, వచ్చే ఏడు నాదేలే అన్న ధీమాతో మంచి చెక్క చూసి కట్టుకున్నాడు. అప్పుడు మేస్త్రీ జుట్టు నల్లగా ఉండేది. ఆ ఫ్రేము సంగతి వాళ్ళావిడకి తప్ప ఎవరికీ తెలీదు. ఆవిడ ఏడాదికోసారి దాన్ని దించి దుమ్ము దులిపి, ఏమీ అనకుండా మళ్ళీ పైన పెడుతుంది. ఏమీ అనకపోవడమే ఆయనకి ఎక్కువ గుచ్చుకుంటుంది.

ఇక రెండో మనిషి. ఈయన ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తాడు. క్లబ్బులో అందరూ పిలిచే పేరు కూడా ఎక్స్‌రేయే. గోడ మీద రెండుసార్లు ఉన్నాడు. రెండు ఫోటోల్లోనూ అదే నవ్వు, ఏదో రహస్యం తనకొక్కడికే తెలిసినట్టు. ఆటలో ఈయనా మేస్త్రీ సరిసమానం. ఇవాళ ఈయన గెలిస్తే రేపు ఆయన గెలుస్తాడు, ఎల్లుండి ఇద్దరూ డ్రా చేసుకుని ఒకరి మీద ఒకరు విసుక్కుంటూ మెట్లు దిగుతారు. ఎక్స్‌రేకి ఒక పాడు అలవాటుంది. గట్టి ఎత్తు వేసే ముందు "ఊపిరి బిగపట్టండి బావగారూ" అంటాడు. రోజంతా రోగులతో అనే మాటే. కానీ చెస్ బల్ల దగ్గర ఆ మాట వింటే మేస్త్రీకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

బావగారూ అనడం వరసకే. మేస్త్రీ కూతుర్ని ఎక్స్‌రే కొడుక్కి ఇచ్చారు. ఆ సంబంధం కుదిరిన తీరు కూడా చెప్పుకోవాలి. మాటలకని మేస్త్రీ దంపతులు మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, ఆయన అలవాటు ప్రకారం గోడ దగ్గరికి వెళ్ళి, చేతులు ఎత్తి, దించేశాడు. పటాలన్నీ తిన్నగా ఉన్నాయి. గుమ్మం దగ్గర చెప్పులు జతలు జతలుగా, మొనలు ఒకే గీతకి. పేపర్లు అంచుకి అంచు. అలమరాలో గ్లాసులు పోలీసు పెరేడులా. తిరిగి వస్తూ దారిలో, "కళ్ళు మూసుకుని ఇవ్వచ్చు. ఆ ఇంట్లో నా చేతులకి పనే లేదు" అన్నాడు. ఆవిడ పిల్లవాడి ఉద్యోగం గురించి ఏదో అడగబోయింది. ఆయన అప్పటికే నిర్ణయం చేసేశాడు.

అలాంటింటి మనిషి చెస్ బల్ల ముందు కూర్చుంటే మాత్రం బలగాల్ని ఎక్కడ పడితే అక్కడ పెడతాడు. గుర్రం మొహం గోడకేసి, ఏనుగు గడిలో ఓ మూలకి, బంటు గీత మీద సగం. మేస్త్రీ ఆలోచిస్తూ ఆలోచిస్తూ చెయ్యి చాచి వాటిని గడి మధ్యకి జరుపుతుంటాడు. తనవీ ఎదుటివాడివీ అని తేడా లేదు. క్లబ్బులో ఎవరూ పట్టించుకోరు. "మేస్త్రీ సర్దుడు" అని దానికో పేరు కూడా పెట్టారు. ఈ ఎక్స్‌రే బావగారికి బల్ల మీద ఎందుకింత అజాగ్రత్త అని మేస్త్రీ ఎప్పుడైనా అనుకున్నా, పాపం రోజంతా ఆసుపత్రి హడావుడి, ఇక్కడికొచ్చి చేతులు వదిలేస్తాడు కాబోలు అని సరిపెట్టుకున్నాడు. ఇంతకన్నా ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే నేనీ కథ చెప్పే అవసరమే ఉండేది కాదు.

ఈ ఏడు టోర్నమెంటుకి, ఆటల్లో తీర్పు చెప్పడానికి బయటినుంచి ఆర్బిటర్‌ని పిలిపించారు. సన్నటి మనిషి, ఇస్త్రీ మడత చెదరని చొక్కా. ఆట మొదలయ్యే ముందు లేచి నిలబడి, "ముట్టుకున్న బలాన్ని ఆడాలి. ఎదుటివాళ్ళ బలాన్ని ముట్టుకుంటే, చంపగలిగితే చంపాలి. ఊరికే సర్దడానికైతే ముందు 'సర్దుతున్నా' అని పైకి చెప్పాలి. చెప్పకపోతే నేను ఒప్పుకోను" అన్నాడు. గదిలో అందరూ మేస్త్రీ వైపు తిరిగి నవ్వారు. మేస్త్రీ నవ్వలేదు.

ఆ రాత్రి వాళ్ళావిడ ఒక ఉపాయం చెప్పింది. "ఆ కుడి చేతిలో ఏదో ఒకటి పట్టుకుని కూర్చోండి. చేతికి పని ఉంటే ఊరుకుంటుంది." పాత చేతి రుమాలు ఒకటి మడిచి జేబులో పెట్టింది. చెబితే నవ్వుతారు గానీ అది పనిచేసింది. ఆట మీద ఆట రుమాలు పిసుకుతూ గెలిచాడు. చెయ్యి మరీ ఆగనప్పుడు "సర్దుతున్నా" అని సర్దాడు. ఒక ఆటలో మరీ ఎక్కువసార్లు సర్దితే ఆర్బిటర్ వచ్చి, "సార్, మీరు ఆడుతున్నారా, ఇల్లు ఊడుస్తున్నారా?" అన్నాడు. అదీ భరించాడు. చివరి రోజుకి ఎక్స్‌రే అరపాయింటు ముందు, మేస్త్రీ వెనకే. చివరి ఆట వాళ్ళిద్దరికే పడింది. మేస్త్రీ గెలిస్తే గోడ మేస్త్రీది. డ్రా అయితే చాలు, ఎక్స్‌రేది.

పొద్దున్నే కూతురు ఫోను చేసింది. "నాన్నా, బాగా ఆడు" అంది. తర్వాత గొంతు తగ్గించి, "మామయ్యగారికీ అదే చెప్పాను. ఏమనుకోకు" అంది. మేస్త్రీ ఏమీ అనుకోలేదని చెప్పాడు. కొంచెం అనుకున్నాడు.

ఆట మేస్త్రీ చెప్పినట్టు నడిచింది. తెల్ల బలగం ఆయనది. అంత బాగా ఆయన జీవితంలో ఎప్పుడూ ఆడలేదు. ఎక్స్‌రే ఒక్కో బలమూ పోగొట్టుకుంటూ చొక్కా మెడ గుండీ తీశాడు, తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఊపిరి బిగపట్టండి" అన్న మాట ఆయన నోట ఆ రోజు ఒక్కసారి కూడా రాలేదు. చివరికి నల్లవైపు మిగిలింది రాజు, ఒకే ఒక్క బంటు. రాజు మూలలో నక్కాడు. మేస్త్రీకి రాజూ మంత్రీ ఉన్నారు. తెల్ల రాజు నల్ల రాజు దగ్గరికొచ్చి దారులు మూసేశాడు. ఇంకొక్క ఎత్తు. మంత్రిని అటు పక్కకి తెచ్చి పెడితే ఆట కట్టు. పక్క బల్లల వాళ్ళు ఆడటం మానేసి వెనక నిలబడ్డారు.

ఎక్స్‌రే చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా తన బంటుని ఒక గడి ముందుకి జరిపాడు. జరిపి, గడి అంచున, గీత మీద సగం పడేలా వదిలేసి, ఇక మీ వంతు అన్నట్టు ఆట గడియారం నొక్కాడు.

మేస్త్రీకి కళ్ళు చెమ్మగిల్లాయి. అటక మీది దుప్పటి, అందులో టేకు ఫ్రేము, తన జుట్టు నల్లగా ఉన్న రోజులు, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి. ఏ ఎత్తు వెయ్యాలో తెలుసు. తొందరేమీ లేదు, గడియారంలో కావలసినంత టైముంది. రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. తుడుచుకుని, దాన్ని మడిచి బల్ల మీద పెట్టాడు. చెయ్యి ఖాళీ అయింది. గెలిచే ముందు బల్లని ఒకసారి చూసుకున్నాడు, కొట్లో ఫ్రేము ఇచ్చేసే ముందు చూసుకున్నట్టే. అంతా బాగుంది. ఆ ఒక్క బంటు తప్ప.

రెండు వేళ్ళు వెళ్ళి బంటుని గడి మధ్యకి జరిపాయి.

"ముట్టుకున్నారు బావగారూ" అన్నాడు ఎక్స్‌రే. చాలా మర్యాదగా అన్నాడు.

మేస్త్రీకి ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. "సర్దాను" అన్నాడు. "సర్దాను బావగారూ, అంతే కదా, మీకు తెలీదా?" ఆర్బిటర్ బల్ల పక్కనే ఉన్నాడు. "పైకి చెప్పలేదు సార్" అన్నాడు. "ఆ బంటుని మీ మంత్రి చంపగలదు. చంపాలి."

ఆడనివాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. మంత్రి ఆ బంటుని చంపితే, నల్లవైపు కదపడానికి రాజు తప్ప ఏమీ మిగలదు. మంత్రి వెళ్ళి నిలబడే ఆ గడి నుంచి, రాజుకి మిగిలిన ఒక్క దారీ మూసుకుపోతుంది. రాజుకి చెక్ లేదు, కదిలే చోటూ లేదు. అలా అయితే చెస్‌లో ఎవరూ గెలవరు, ఆట డ్రా. డ్రా అంటే గోడ ఎక్స్‌రేది. మేస్త్రీ బల్ల మీద ఎంత వెతికినా ఆ బంటుని చంపడానికి మంత్రి తప్ప ఇంకో బలం లేదు. తెల్ల రాజు ఆ బంటుకి అందనంత దూరంలో ఉన్నాడు.

"రూలు రూలే కదా" అన్నారెవరో వెనక నుంచి. ఇంకెవరో చీదరగా పెదవి విరిచారు. మేస్త్రీ మంత్రిని పట్టుకుని ఆ బంటుని తీసి పక్కన పెట్టాడు. అలాంటి సమయంలో కూడా మంత్రిని గడికి సరిగ్గా మధ్యలో పెట్టాడు. ఎక్స్‌రే చెయ్యి చాచాడు. వియ్యంకుడి చెయ్యి పట్టుకోకుండా ఎలా ఉంటాడు? పట్టుకున్నాడు. అభినందనలు బావగారూ అన్నాడు.

ఇంట్లో వాళ్ళావిడ ఆయన మొహం చూడగానే సంగతి గ్రహించింది. "రుమాలేది?" అని అడిగింది. ఆయన కుర్చీలో కూలబడి, "బల్ల మీద పెట్టాను" అన్నాడు. "ఎందుకు పెట్టారు?" "గెలిచాననుకుని." "గెలిచాక పెట్టాల్సింది" అంది ఆవిడ. ఆయనకి ఏడవాలో అరవాలో తెలియక లేచి వెళ్ళి, వంటింట్లో ఒరిగి ఉన్న క్యాలెండరు సర్దబోయి, చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆ వారమంతా అంతే. తన చేతుల్ని తనే తిట్టుకుంటూ తిరిగాడు. కొట్లో సుత్తి దెబ్బలు ఎక్కువయ్యాయి. ఇద్దరు పట్టాల్సిన పెద్ద అద్దాన్ని కోపంతో ఒక్కడే ఎత్తాడు. భుజం కలుక్కుమంది.

డాక్టరు ఎక్స్‌రే తీయించమన్నాడు. ఇంకో ఆసుపత్రికి పోతానన్నాడు మేస్త్రీ. కూతురు వచ్చి, "ఏంటి నాన్నా చిన్నపిల్లాడిలా, మామయ్యగారు ఉండగా ఇంకో చోటికి పోతే నలుగురూ ఏమనుకుంటారు?" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. బయట బెంచీ మీద తను కూర్చుని, ఆయన్ని లోపలికి పంపింది.

చీకటి గది, చల్లగా ఉంది. "రండి బావగారూ" అంటూ ఎక్స్‌రే ఎదురొచ్చాడు. చొక్కా విప్పించి పలకకి ఆనించి నిలబెట్టాడు. తర్వాత పని మొదలుపెట్టాడు. గడ్డం కొద్దిగా తిప్పాడు. మోచెయ్యి పట్టుకుని వెంట్రుకవాసి జరిపాడు. భుజం మీద వెలుతురు గీతలు రెండు ఒకదాన్నొకటి అడ్డంగా కోస్తూ పడ్డాయి. ఆ రెండూ కలిసే చోటు సరిగ్గా భుజం గూడు మీదికి వచ్చేదాకా "కొంచెం ఎడమకి బావగారూ. ఆఁ. ఇంకొంచెం" అంటూనే ఉన్నాడు. రెండడుగులు వెనక్కి వేశాడు. ఒక కన్ను మూసి చూశాడు. మళ్ళీ ముందుకొచ్చి, ఇంకో గోరంత జరిపాడు.

మేస్త్రీ ఆ చేతుల్నే చూస్తున్నాడు. వాటిని ఎక్కడో చూసినట్టుంది. చూసినట్టుండటమేమిటి, అవి తన చేతులే.

"కదలకండి. ఊపిరి బిగపట్టండి" అంటూ ఎక్స్‌రే గాజు వెనక్కి వెళ్ళాడు.

అప్పుడు తట్టింది. గుమ్మం దగ్గర చెప్పుల మొనలు, అంచుకి అంచు పేపర్లు, గ్లాసుల పెరేడు. ఈ మనిషి చేతికి వంకరగా పెట్టడం రాదు. రానే రాదు. కష్టపడి నేర్చుకుంటే తప్ప రాదు. ఇన్నేళ్ళ గుర్రాలూ ఏనుగులూ గీత మీది బంట్లూ, అన్నీ కావాలని పెట్టినవే. ఆ చివరి బంటు కూడా. ఓడిపోయే ముందు ఆయన దగ్గర మిగిలిన ఒకే ఒక్క ఎత్తు అది. మేస్త్రీకి ఒళ్ళంతా భగ్గుమంది. అరవాలి. పలక తన్ని అవతల పడెయ్యాలి. కానీ కదలొద్దన్నారు, ఊపిరి తియ్యొద్దన్నారు, బయట బెంచీ మీద కూతురుంది. ఇంత కోపాన్ని ఊపిరి కూడా వదలకుండా నిలబెట్టి ఉంచడం ఆయన జీవితంలో అదే మొదలు.

"ఊపిరి వదలండి" అన్నాడు ఎక్స్‌రే గాజు వెనక నుంచి. వదిలాడు. మాట మాత్రం వదల్లేకపోయాడు. ఎముకకేం కాలేదట, బరువులు ఎత్తడం తగ్గించమన్నారట. మింగలేక కక్కలేక చొక్కా గుండీలు పెట్టుకుని బయటికొచ్చాడు. "ఏమన్నారు?" అంది కూతురు. "ఏమీ లేదన్నారు" అన్నాడు.

మర్నాడు క్లబ్బు నుంచి గెలిచిన వియ్యంకుడి ఫోటో వచ్చింది, ఫ్రేము కట్టమని. అదే నవ్వు. ఇప్పుడా నవ్వు అర్థమైంది మేస్త్రీకి. పాడుగా కడదామనుకున్నాడు. మూలల్లో గోరు దూరేలా కడదామనుకున్నాడు. చేతులు వినలేదు. ఎప్పటిలాగే కట్టాయి. అయితే వేలాడదీసే కొక్కెం దగ్గరికొచ్చేసరికి ఆయన తన చేతిని తను గట్టిగా పట్టుకుని, మధ్యకి కాకుండా బొటనవేలంత పక్కకి కొట్టాడు. ఆ వృత్తిలో ఆయన చేసిన పాపం అదొక్కటే. సాయంత్రం క్లబ్బులో, ఎక్స్‌రే ఎప్పుడూ కూర్చునే కుర్చీకి సరిగ్గా ఎదురుగా, ఆ ఫోటో కుడికి ఒరిగి వేలాడింది.

ఇద్దరూ ఆటకి కూర్చున్నారు. మేస్త్రీకి వీపు ఫోటో వైపు. ఎక్స్‌రేకి మొహం. ఎక్స్‌రే ఎత్తు వెయ్యబోయి తలెత్తాడు. దించాడు. మళ్ళీ ఎత్తాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు. చూసుకో బావా, ఎలా ఉంటుందో చూసుకో, అనుకున్నాడు మేస్త్రీ కచ్చగా. ఎక్స్‌రే ఒక పిచ్చి ఎత్తు వేశాడు. మేస్త్రీ దాన్ని పట్టుకోవాలి. పట్టుకోలేకపోయాడు. ఎందుకంటే వీపు వెనక, తన చేత్తో కట్టిన ఫ్రేము ఒకటి ఒరిగి ఉందని ఆయన వీపుకి తెలుసు. లెక్క వేసుకోబోతే కొక్కెం గుర్తొస్తోంది. మంత్రిని చూస్తే మేకు కనిపిస్తోంది. మెడ తిప్పకుండా ఉండటానికి మెడ నొప్పి పుట్టింది.

చివరికి కుర్చీ వెనక్కి తోసి లేచాడు. అదే సమయానికి ఎక్స్‌రే కూడా లేచాడు. ఇద్దరూ గోడ దగ్గరికి ఒకేసారి చేరారు. కింది మూలల్లో ఒకదాన్ని ఆయనా, ఒకదాన్ని ఈయనా రెండేసి వేళ్ళతో పట్టుకున్నారు. పట్టుకుని, ఒకరి వేళ్ళు ఒకరు చూసుకున్నారు.

"కావాలనే పెడతారు కదూ?" అన్నాడు మేస్త్రీ, పక్క బల్లలకి వినపడకుండా.

"ఏది బావగారూ?"

"బంట్లు. గీత మీద."

ఎక్స్‌రే తన ఫోటోకేసి చూస్తూ నిలబడ్డాడు. ఫోటోలో నవ్వు ఇప్పుడు ఆయన మొహం మీద లేదు. "మొదట్లో కాదు" అన్నాడు. ఆగి, "మొదట్లోనూ కావాలనే" అన్నాడు. "సర్దేటప్పుడు మీ ఆలోచన తెగిపోతుంది. మళ్ళీ మొదటి నుంచి లెక్క వేసుకుంటారు. నాకా కాస్త చాలు. తిన్నగా పెట్టి ఆడితే మీ మీద నేను నిలబడలేను బావగారూ. మీరు నాకన్నా గట్టి. నాకెప్పటినుంచో తెలుసు."

ఇన్నేళ్ళుగా మేస్త్రీ వినాలనుకున్న మాట అదే. విన్నాడు. విన్నా ఆయనకి సంతోషం రాలేదు, కోపమే ఇంకాస్త పెరిగింది. అటక మీద ఫ్రేములో ఈ మాటని ఎలా బిగిస్తాడు?

"ఆ వంకరగా పెట్టడానికి నేనెంత అవస్థ పడతానో మీకు తెలీదు" అన్నాడు ఎక్స్‌రే మళ్ళీ, సానుభూతి ఆశిస్తున్నట్టు. "ఇంటికెళ్ళినా అవే కళ్ళల్లో మెదులుతాయి. నిద్ర పట్టదు."

"నాకూ పట్టదు" అన్నాడు మేస్త్రీ. "ఇప్పుడు నాతో అన్న మాటే వెనక్కి తిరిగి వాళ్ళందరికీ చెప్పండి. ఒక్కసారి చెప్పండి. ఫోటో మీదే ఉంచుకోండి."

ఎక్స్‌రే మెడ తిప్పి గదిలోకి చూశాడు. బల్లల మీద తలలు వంచుకుని అందరూ ఆడుకుంటున్నారు. ఎవరో గడియారం నొక్కిన చప్పుడు వినబడింది. నోరు తెరిచాడు. మేస్త్రీ నిజంగానే ఊపిరి బిగపట్టాడు. ఎక్స్‌రే నోరు మూసుకుని గోడ వైపు తిరిగాడు. రెండడుగులు వెనక్కి వేసి, ఒక కన్ను మూశాడు.

"కొంచెం ఎడమకి బావగారూ" అన్నాడు.

మేస్త్రీకి ఆ ఫోటోని పీకి నేలకేసి కొట్టాలనిపించింది. చేతిలోనే ఉంది, ఎంతసేపు? తలెత్తి చూశాడు. నిజంగానే ఇంకా కొంచెం కుడికి ఒరిగే ఉంది. పళ్ళు నూరుకుంటూ ఎడమకి జరిపాడు.